చ్చ్ అన్న పాపానికి

సంగీతం వినడంలో నన్ను మించినవాడు మా ఊరు నోవైలో లేడని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు. పాడమంటే గొంతు పెగలదు గానీ, తల ఊపడంలోనూ తొడ మీద తాళం వేయడంలోనూ నా తర్వాతే ఎవరైనా.

అలాంటి నాకు తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి కారులో రూల్స్ చెప్పింది. స్కూలు స్నేహితురాలు పిలిస్తే వెళ్ళి, నెలకోసారి ఆంగ్లికన్ చర్చిలో సాయంకాలం ప్రార్థనకి పాడుతోంది. ఆ రోజు మొదటి పాట ఎత్తుగడ తను ఒక్కతే పాడాలి. చప్పట్లు కొట్టకూడదట, వీడియో తీయకూడదట, చెయ్యి ఊపకూడదట. "డాడీ, ప్లీజ్, జస్ట్ నార్మల్‌గా కూర్చో," అంది. అదీ చేతకానివాడినా అని ఒళ్ళు మండింది.

ఆ ప్రార్థనలో ముఖ్యమైన పాటలు రెండు. కడుపుతో ఉన్న మరియమ్మ సంతోషం పట్టలేక పాడేది ఒకటి. పసివాడైన యేసుని కళ్ళారా చూసిన ముసలాయన, ఇంక నన్ను హాయిగా వెళ్ళనివ్వు స్వామీ అని పాడేది రెండోది. మాటలు ఎప్పుడూ అవే, బాణీలే బోలెడు. ఈ ముక్క అంతకు ముందే నెట్‌లో చదివి, పక్కన కూర్చున్న పెద్దావిడకి చెప్పబోయాను. ఆవిడ నలభై ఏళ్ళు అక్కడే పాడి మానేసిందట. నోరు మూసుకున్నాను.

అమ్మాయి పాట ఎత్తుకుంది. తోడు ఇంకో గొంతు లేదు. స్వరం పైకి వెళ్ళి అక్కడే నిలిచింది. నా తల దానంతటదే ఊగింది, నోరు దానంతటదే "చ్చ్" అంది. బాగుంటే మన కచేరీల్లో అలాగే అంటాం కదా. కానీ అది రాతి కట్టడం, గుండుసూది పడినా వినిపిస్తుంది. అమ్మాయి నా వైపు చూసింది. తర్వాతి లైనులో గొంతు వణికింది.

ఇంటికొస్తుంటే కారులో అడిగింది.

"అంత బ్యాడ్‌గా పాడానా, డాడీ?"

గతుక్కుమన్నాను. ఆ చ్చ్ మెచ్చుకోలని, హైవే మీద మేం దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయేదాకా ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విని, మరి నా మ్యాథ్ గ్రేడ్స్ చూసినప్పుడూ అదే అంటావుగా అంది. నిజమే, అంటాను. పాలు పొంగినా అంటాను, గదిలో లైటు ఆర్పకపోయినా అంటాను. పద్నాలుగేళ్ళుగా పిల్ల నా నోట ఆ చప్పుడు విన్నదల్లా తప్పు పట్టేటప్పుడే. ఏదైనా బాగుందని నేను నోరు తెరిచి అన్న రోజు ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి నెల రెండో పాటలో తనకి నాలుగు లైన్లు ఇచ్చారు. నేను ముందుజాగ్రత్తగా దగ్గు బిళ్ళ చప్పరిస్తూ, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ముసలాయన మాటలు మా అమ్మాయి గొంతులో వింటుంటే కళ్ళు తడిశాయి. అయినా కిక్కురుమనలేదు. అంత నార్మల్‌గా నేను పెళ్ళిచూపుల్లో కూడా లేను.

మూడో బిళ్ళ నోట్లో ఉండగా కారెక్కాం. సీటుబెల్టు పెట్టుకుంటూ, నా మొహం చూడకుండా అంది.

"ఈసారి నువ్వు చ్చ్ అనలేదు. అంత బ్యాడ్‌గా పాడానా?"

చాలా బాగా పాడావు తల్లీ అన్నాను. బిళ్ళ అడ్డం పడి మాట ముద్దముద్దగా వచ్చింది. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అంది.