ఉత్తరం గుర్తు లేని రాయి

మా మేనమామ తన బావిలోంచి కొట్టి తెచ్చిన నల్లరాయి నా పరిశోధనకు పనికిరాలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

నేను చదివేది భూగర్భ శాస్త్రం. మా జహీరాబాద్ చుట్టూ నేల కింద ఉన్న నల్లరాయి ఒకప్పుడు లావా. అది చల్లారేటప్పుడు అందులోని సన్నని ఇనుప రేణువులు ఆనాటి ఉత్తర దిక్కును పట్టుకుని బిగుసుకుపోయాయి. వాటిని చదివితే అప్పుడు ఈ నేల భూగోళం మీద ఎక్కడ ఉండేదో తెలుస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది. అక్కడి నుంచి జరిగి జరిగి ఆసియాను గుద్దుకుంది. హిమాలయాలు లేచింది ఆ గుద్దుకోవడం వల్లే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రాయిని కొట్టకముందే దాని మీద దిక్సూచి పెట్టి, ఉత్తరం వైపు బాణం గీయాలి. గీయకుండా ఊడదీస్తే ఇక ఆ రాయి ఏమీ చెప్పదు.

మా వైపు పైనున్న రాయంతా చివికి ఎర్ర మొరం అయిపోయింది. గట్టి రాయి ఝరాసంగం దగ్గర మామ పాత బావి అడుగున ఉంది. నా పరిశోధనలో ఒక అధ్యాయమంతా దాని మీదే ఆధారపడింది. ఆ పొలం ఇళ్ల ప్లాట్ల వెంచర్ కింద పోయింది, బావిని పూడ్చబోతున్నారు. సోమవారం పనిముట్లతో వస్తాను, అప్పటిదాకా ఆపించమని మామకు ఫోన్ చేశాను. సరేనన్నాడు.

నేను ఆటో దిగేసరికి లారీలు బావిలో మొరం పోస్తున్నాయి. మామ ఎదురొచ్చాడు. చేతుల్లో తువ్వాలలో చుట్టిన రాయి.

"నిన్ననే మొదలువెట్టిన్రు బిడ్డా. ఎంత చెప్పినా ఇనలే. జర ఆగమని నేనే దిగి కొట్టుకొచ్చిన. మెట్లు కూలినయ్, నువ్వెట్ల దిగుతవ్?" తువ్వాల విప్పాడు. "సూడు, సబ్బుతోని కడిగిన."

వెనక నుంచి అత్త అందుకుంది. "పెండ్లినాడు గూడ మొకం గింత మంచిగ కడుక్కోలే మీ మామ."

"మామా, ఇది బాయిల ఎటు తిరిగి ఉండె?" అని అడిగాను.

"ఎటు తిరుగుడేంది బిడ్డా? రాయి తిరుగుతదా? గోడల ఉండె."

నాకు ఏమీ అనిపించలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లారీ వెనక్కి వస్తున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. మామ మోచేయి చెక్కుకుపోయి ఉంది.

"ఇదే మామా, నాకు కావాల్సింది" అన్నాను.

బావి పూడ్చేశారని మాత్రం మా గైడ్ మేడంకు చెప్పాను. బదులుగా కోహీర్ వైపు రోడ్డు కోసం తవ్విన చోట నమూనాలు తీశాం. ప్రతిదాని మీదా బాణం గీశాను. చివికిన రాళ్లు కదా, ఒక్కోటి ఒక్కో దిక్కు చూపించింది. ఆ అధ్యాయం తీసేయమని మేడం అన్నారు. తీసేశాను.

ఈ వానాకాలంలో మామ జహీరాబాద్ దవాఖానలో చేరాడు. నేను వెళ్లేసరికి పక్క మంచం మీది ఆయనతో మాట్లాడుతున్నాడు. "మా బిడ్డె. మా బాయి రాయి సూసి మన ఊరు యాడికెల్లి వచ్చిందో చెప్తది." నా వైపు తిరిగాడు. "చెప్పరాదు బిడ్డా."

ఇతరులు వేరే చోట్ల తీసిన రాళ్లు చెప్పిందే చెప్పాను. "చాన దక్షిణాన, సముద్రం అవతల ఉండె మామా."

"మన రాయే చెప్పిందా?"

"అవును."

"అబ్బో! మరి ఇప్పుడు ఆగిందా, ఇంక నడుస్తనే ఉన్నదా?"

"నడుస్తనే ఉంది. ఏడాదికి గోరు పెరిగినంత."

ఆయన తన గోళ్ల వైపు చూసుకుని నవ్వాడు, ఒక మాట అన్నాడు. నేను బయటికి వెళ్లి వచ్చేసరికి నోరు పడిపోయింది. మర్నాడు పోయాడు. అందరూ ఏడుస్తుంటే నేను నీళ్ల గ్లాసులు అందించాను. గోళ్లు చూసుకుంటూ ఆయన అన్నదే నాతో చివరి మాట:

"అయితే జల్దేం లేదు. క్యాంటీన్ బందైతది బిడ్డా, నువ్వు వొయ్యి తినిరాపో."