ఫ్రిజ్ చల్లబడేలోగా

ఎడ్మంటన్‌లో మా పాత ఫ్రిజ్ పందొమ్మిదేళ్ల నాలుగు నెలలు పనిచేసింది. కొత్తది జనవరిలో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు వచ్చింది. దాన్ని వ్యానులో పడుకోబెట్టి తెచ్చారట. నాలుగు గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టమని చెప్పి, పాతదాన్ని తీసుకుని వెళ్లిపోయారు.

సామానంతా అప్పటికే కూలర్ పెట్టెలో సర్ది ఇంటి వెనక ఆరుబయట చెక్క డెక్ మీద పెట్టాను. ఇక్కడ చలికాలంలో అందరం చేసే పనే. పాలు, పెరుగు, ఇడ్లీ పిండి, అల్లంవెల్లుల్లి ముద్ద, ప్రతి డబ్బా మీదా తేదీ రాసిన చీటీ. మావారి ఇన్సులిన్ పెన్నుల పెట్టె వెన్న పక్కన ఉంది. బయట మైనస్ ఇరవై రెండు. నాలుగు గంటలకు ఏమీ కాదనుకున్నాను.

రెండున్నరకు ఆయన ప్లగ్ చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ఆగండి. ఇంకా లోపల తుడవాలి, బొట్టు పెట్టాలి. ఈలోగా రాహుకాలం వచ్చేస్తుంది."

"మంగళవారం మూడింటికి కదే?"

"అది అక్కడి లెక్క. ఇక్కడ సూర్యుడు ఎనిమిదీ నలభైకి వచ్చి నాలుగూ యాభైకి పోతున్నాడు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఏడోది రెండూ నలభై ఏడుకే మొదలు."

"రాహువుకి కూడా వింటర్ టైమింగ్సా? నీ దగ్గర పనిచేస్తే ఎప్పుడో రిజైన్ చేసేవాడు" అని నవ్వుతూ ప్లగ్ కింద పెట్టేశారు.

మూడూ యాభైకి పసుపు కుంకుమ పెట్టి ఆన్ చేశాం. ఫ్రిజ్‌కి నాలుగు, ఫ్రీజర్‌కి మైనస్ పద్దెనిమిది సెట్ చేశాను. లోపల నాలుగు డిగ్రీలకు వచ్చేసరికి ఎనిమిదైంది. సామాను తెచ్చినప్పుడు పాలు రాయిలా ఉన్నాయి. ఇన్సులిన్ పెట్టెను మాత్రం తెరిచి చూడకుండా తలుపు గూట్లో పెట్టాను. తలుపు ఒక నిమిషం తెరిచి ఉంచితే ఆ ఫ్రిజ్ కీచుమని అరుస్తుంది. ఆ ఏర్పాటు నాకు నచ్చింది.

గురువారం ఆ పెట్టెలోంచి కొత్త పెన్ను మొదలుపెట్టాం. మందు నీళ్లలా తేటగానే ఉంది. ఇక్కడి మీటరులో షుగర్ ఎనిమిదంటే ఇండియా లెక్కలో నూట నలభై నాలుగు; అది దాటకపోతే మాకు మంచిరోజు. శుక్రవారం పదమూడు. శనివారం పదిహేడు. ఆదివారం ఇరవై ఒకటి.

అన్నం కొలిచి పెట్టేదాన్ని నేనే. మందు యూనిట్లు చూసేదాన్ని నేనే. నా వైపు తప్పు లేదంటే, తప్పు ఆయన వైపే ఉండాలి.

"మాల్‌లో వాకింగ్‌కి వెళ్లి డోనట్ తింటున్నారు కదూ?"

"లేదే. కాఫీ కూడా చక్కెర లేకుండానే."

"మరి ఈ అంకెలేమిటి? అంకెలు అబద్ధం చెబుతాయా?"

"నేను చెబుతానా?" అన్నారు. అప్పటికి ఆయన గొంతులో నవ్వు లేదు.

నా నోటుబుక్కులో ఆ మూడు అంకెల పక్కనా ఎర్ర సిరాతో 'బయట తింటున్నారు' అని రాశాను. రాత్రి అన్నం మాన్పించి ఒక్క చపాతీ పెట్టాను. మంచినీళ్లు పదేపదే తాగుతుంటే, తిన్న తీపి మీటరులో బయటపడకూడదనే అనుకున్నాను. సోమవారం ఉదయం ఆయన సోఫాలోంచి లేవలేకపోయారు. అడిగినదానికి పొంతన లేని జవాబులు చెప్పారు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో నర్సు మన తెలుగమ్మాయే. నా నోటుబుక్కు మొత్తం చదివింది. ఎర్ర అక్షరాల దగ్గర ఒక క్షణం ఆగి, "ఆంటీ, ఇన్సులిన్ ఎప్పుడైనా ఫ్రీజ్ అయిందా?" అంది.

ఫ్రిజ్ వచ్చిన రోజు సంగతి చెప్పాను.

"ఒకసారి ఫ్రీజ్ అయితే ఇక పనిచెయ్యదు ఆంటీ. చూస్తే మామూలుగానే ఉంటుంది. అంకుల్ ఏం తిన్నా తినకపోయినా షుగర్ పెరిగేది."

ఆ మందు ఏ గంటలో గడ్డకట్టిందో నా దగ్గర లెక్క లేదు. మొదటి నాలుగు గంటల్లోనా, నేను ఆపించిన గంటా ఇరవై నిమిషాల్లోనా, ఆ తర్వాతా?

తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చారు. కిడ్నీలు ఇదివరకటిలా లేవన్నారు. తప్పు నాదేనని చెప్పాను. "పోనీలే" అన్నారు, అంతే.

ఇప్పుడు ఫ్రిజ్ ముందు నిలబడి "తియ్యనా?" అని అడుగుతారు. అడగక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా మానరు. పెరుగు గిన్నెలో వేసుకుని, తలుపు మూయకుండానే, "ఇంతే తీసుకున్నాను, చూడు" అని గిన్నె నా వైపు వంచి చూపిస్తారు. నేను చూసేదాకా అలాగే నిలబడతారు. ఈలోగా నిమిషం దాటిపోయి ఫ్రిజ్ అరుస్తుంది.