పిన్ని బాగుచేసిన ఏడో బ్లాకు

ఆ అభయారణ్యంలో కలుపు తీసే ఆడవాళ్ళందరూ ఆమెను 'మొదలంటా పిన్ని' అనేవారు. పైపైన నరికి చేతులు దులుపుకునేవాళ్ళని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "మొదలంటా తియ్యండే తల్లీ! పైన కోస్తే దానికి క్షవరం చేసినట్టే, ఇంకా ఏపుగా లేస్తుంది" అని గదమాయించేది.

ఎక్కడి నుంచో వచ్చిపడిన ఆ ముళ్ళకంప పాకిన చోట గడ్డి మొలవదు. గడ్డి లేనిచోటికి జింకలు రావు. భర్త పోయిన ఏడాది పనిలో చేరిన పిన్ని పద్దెనిమిదేళ్ళుగా గునపంతో వేరు కదిలించి, దేవుణ్ణి తలుచుకుని, ఊపిరి బిగబట్టి లాగుతూనే ఉంది.

ఒక్కటే వెలితి. అడవిని బ్లాకులుగా విడగొట్టారు; కంప తీసేసిన బ్లాకుని మూసేస్తారు. జింకలు బెదరకుండా గార్డు తప్ప ఎవరూ అందులో అడుగు పెట్టకూడదు. ఎంత బాగా చేస్తే అంత త్వరగా ఆ నేల ఆమెకు దూరమయ్యేది. తను బాగుచేసిన చోట ఒక్క జింకయినా మేస్తుంటే చూడాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. దండం పెట్టుకున్నప్పుడు కూడా అడిగేది అదే.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. ఇక పనికి రాలేనని చెప్పేసింది. ఆఖరి రోజు మధ్యాహ్నం వాగు ఒడ్డున అన్నాలకి కూర్చున్నారు. అడక్కుండానే తలా ఒక ముద్ద ఆమె గిన్నెలో పెట్టారు. వాగు అవతల, రెండేళ్ళ కిందట మూసిన ఏడో బ్లాకు పచ్చటి చారలా కనిపిస్తోంది. అంతలో గార్డు వచ్చాడు.

"పిన్నీ, చెయ్యి చాపు."

"ఏం నాయనా, ఉంగరం తెచ్చావా?"

అతను ఆకుపొట్లం విప్పాడు. లోపల నల్లటి పెంటికలు. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. "వెళ్ళిపోయే మనిషికి పెంటికలా! ఎంత పెద్ద చెయ్యయ్యా నీది!"

"ఏడో బ్లాకులో జింకలవి, పిన్నీ. పొద్దున్నవే."

పిన్ని నవ్వలేదు. గిన్నె పక్కన పెట్టి, ఒకటి తీసి గోటితో చిదిపింది. సన్నటి పీచు, చితకని రెండు గడ్డిగింజలు.

"గడ్డే తిన్నాయి" అంది. "నువ్వు చూశావా?"

"లేదు, నేను వెళ్ళేసరికే వెళ్ళిపోయాయి. అడుగుల్ని బట్టి ఐదారుంటాయి. ఒకటి పిల్ల." అతను గొంతు తగ్గించాడు. "సాయంత్రం మళ్ళీ వస్తాయి. నాతో రా పిన్నీ, పొద చాటున కూర్చుందువుగాని. నేనెవరికీ చెప్పను."

పిన్ని లేచింది. నీళ్ళ అంచుదాకా నడిచి ఆగిపోయింది.

"నా వాసన తగిలి బెదిరితే, ఆ పిల్ల మళ్ళీ వస్తుందో రాదో నాయనా" అని పొట్లం మడిచి అతని చేతిలో పెట్టింది. "గింజలున్నాయి. తీసినచోటే వేసెయ్."

అతను వాగు దాటి లోపలికి నడిచాడు. గడ్డి అతని నడుము దాకా వచ్చింది. అంత ఎత్తు పెరిగిందని ఆమెకు అప్పుడే తెలిసింది.