సోమ్లీ అవ్వ డాబా మీద తీజ్ బుట్టలు

మా ఎదురింటి సోమ్లీ అవ్వ కేసముద్రం మార్కెట్లో ఇరవై ఏళ్లు బస్తాలు కుట్టి, ఆ కూలితో ఇల్లు కట్టుకుంది. వెనక గదిలో తనూ, మనవరాలు సుమా ఉంటారు. ముందు పోర్షన్ ఐలేశ్‌కు అద్దెకిచ్చింది. ఆ రోజు నుంచే ఆమెకు మనశ్శాంతి కరువైంది. అతను నోరు తెరిస్తే కేసే. ట్యాంకు కడిగితే కేసు, గేటు కిర్రుమంటే కేసు. బాబోయ్, ఏం మనిషో! అద్దెకున్నది అతనా, అవ్వా అని నాకే అనుమానం వచ్చేది.

పోయిన శ్రావణంలో అసలు గొడవ వచ్చింది. లంబాడీల ఇళ్లలో తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. వాడలోని తొమ్మిది మంది పిల్లల బుట్టలనూ అవ్వ డాబా మీదే పెట్టారు. సుమకు పెళ్లి కుదిరింది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి తీజ్. అవ్వ కాలు నేల మీద నిలిస్తే ఒట్టు!

ఐదో రోజు పొద్దున డాబా తలుపుకు కొత్త తాళం కనిపించింది.

"డాబా నా అగ్రిమెంట్ల ఉన్నది. మీ భాషల నన్ను తిట్టుకుంట పాడుతున్నరు, నాకెర్కలేదనుకున్నరా?" అన్నాడు ఐలేశ్.

"అయ్యో కొడుకా, నిన్నెందుకు తిడ్తం? గవి మొలకల పాటలు," అంది అవ్వ.

"ఏమన్న గానీ. తాళం ముట్టుకుంటె కేసే!"

నిజమే, అగ్రిమెంటులో డాబా ఉంది. నాకు ఒళ్లు మండి సుత్తి తెస్తానన్నాను.

"వద్దు రేణుకా. ఏలుముద్ర ఏసినంక మాట మాటే," అంది అవ్వ.

వాన జాడ లేదు, ఎండ దంచుతోంది. మొలకలు ఎండితే తొమ్మిది ఇళ్లకూ అపశకునం. "నా పిల్ల తీజ్ నా ఇంటి మీదనే ఎండుతదా?" అని అవ్వ ఆ రోజంతా అన్నం ముట్టకుండా ఏడ్చింది.

మర్నాడు తెల్లవారేసరికి మా గుమ్మంలో ఉంది. ముఖంలో కొంటెతనం.

"నీ మోటరు పైపు ఇయ్యి బిడ్డా. తాళం ముట్టుకోవద్దన్నడు గని, పైకి, మొగులు దిక్కు నీళ్లు కొట్టొద్దనలే గద?"

పిల్లలంతా రోడ్డు మీద పైపు పట్టుకున్నారు. నేను మోటరు వేశాను. సగం నీళ్లు వాళ్ల మీదే పడ్డాయి, ఒకటే కేరింతలు! సుమ పైపు మూతిని వేలితో నొక్కింది. ధార ఎగిరి పిట్టగోడ దాటింది.

"ఓరి నాయినో!"

పిట్టగోడ మీదుగా ఐలేశ్ తల లేచింది. లుంగీ, బనీను, జుట్టు అన్నీ తడిసి ముద్దయ్యాయి. చేతిలో చెంబు!

"గా చెంబేంది కొడుకా?" అడిగింది అవ్వ.

ఐలేశ్ చెంబును వెనక్కి దాచబోయాడు. "ముందుగాల మోటరు బంజెయ్యుర్రి! గన్ని నీళ్లు గొడితె ఏర్లు మురుగయా?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గింది. "మాది మొగుళ్లపల్లి. మా నాయినది ఎవుసం. తాళమైతె ఏసిన గని అవ్వా, మొలక ఎండుతుంటె చూసుడు నాతోని గాలే. నిన్న మూడుసార్లు నీళ్లు వోసిన."

"పెండ్లిగాని ఆడివిల్లలే గద పొయ్యాలె?" అంది పిల్లల్లో అందరికన్నా చిన్నదైన చాందీ.

ఇక చూడాలి! పిల్లలు నవ్వలేక రోడ్డు మీదే కూలబడ్డారు.

"అయితె మాకు పదో పిల్ల దొరికింది! తలుపు తియ్యి బిడ్డా, పాట నేర్పుతం," అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

తాళం తీశాడు. మొలకలు పచ్చగా బెత్తెడు ఎదిగాయి. ఆ సాయంత్రం నుంచి పాటల్లో నిజంగానే అతని పేరు చేరింది.

"గిప్పుడు తిడుతున్నరా అక్కా?" అని నన్ను అడిగాడు.

"గిప్పుడైతె తిడుతున్నరు తమ్మీ," అన్నాను. నవ్వి అక్కడే కూర్చున్నాడు.

తొమ్మిదో రోజు ఆడపిల్లలు మొలకలు తెంపి, తీజ్ వెళ్లిపోతోందని ఏడుస్తూ అన్నదమ్ముల తలపాగాల్లో పెట్టారు. ఐలేశ్ భుజం మీది తువ్వాలను గబగబా తలకు చుట్టుకొని వరుస చివర నిలబడ్డాడు. సుమ తన గుప్పెట్లో మిగిలినవన్నీ అతనికే పెట్టింది.

"ఇంక కేసెయ్యవు గద అన్నా?"

"ఏస్త," అన్నాడు ఐలేశ్, కళ్లు తుడుచుకుంటూ. "పెండ్లికి పిలువకుంటె ఏస్త."