కూరలో వెయ్యని ఉప్పు

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, విజయవాడలో ఏలూరు బస్సెక్కాను. పక్క సీటులో యాభై ఏళ్లావిడ ఊరగాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి నుంచి వస్తున్నానంది. భర్తకు బీపీ పెరిగి పక్షవాతం వచ్చిందట. కుడి చెయ్యీ, మాటా పడిపోయాయట.

"ఉప్పు తగ్గించమని డాక్టరుగారు ముందే చెప్పలేదాండీ?" అన్నాను. ఆ తర్వాత నేను ఏ రోగి ఇంటివాళ్లనూ ఆ మాట అడగలేదు.

"చెప్పారండీ. ఏడాదిగా కూరలో ఒక్క ఉప్పుకల్లు వెయ్యలేదు. ఆ చప్పిడి కూడు మింగలేక ఆయన అవస్థపడుతుంటే చూడలేక, ముద్దముద్దకీ ఆవకాయ నేనే వేసేదాన్ని. పొద్దున నర్సమ్మ ఈ జాడీ చూసి తిట్టేదాకా, అందులో ఉన్నదీ ఉప్పేనని నాకు తట్టలేదండీ."

రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది.

"ఏటా ఆవకాయలో ఉప్పు ఈ దోసిలితోనే కదండీ పోస్తాను."

గన్నవరం దాటినా ఆ దోసిలి విడవలేదు.

హనుమాన్ జంక్షన్‌లో ఆవిడ దిగిపోయింది. జాడీ సీటు మీదే ఉంది. కిటికీలోంచి, "అమ్మా, మీ జాడీ!" అని కేకేశాను.

ఆవిడ వెనక్కి తిరిగి జాడీ వంక చూసింది.

"నాది కాదండీ," అంది.