రెక్కల గుర్రం అట్ట

1947లో నేను సూర్యాపేటలో పుస్తకాలు కిరాయికిచ్చేవాణ్ణి. బెజవాడ నుంచి వచ్చే పాత నవలలు కోదాడలో కొని, సంచిలో వేసుకొని మిర్యాలగూడ దాకా తిరిగేవాణ్ణి. బాగా పోయేవి రెండు రకాలు. మంత్రగాళ్లు, ఎగిరే గుర్రాలు ఉన్నవి మాయల కథలు. మనుషుల్ని చంద్రుడి మీదికి మోసుకుపోయేవి యంత్రాల కథలు. ఇప్పుడు మా మనుమలు వాటిని ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ అంటున్నారు.

అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. పుస్తకం వాపసు ఇచ్చేవాళ్లను కూర్చోబెట్టి కథ చెప్పించుకొని, అట్ట మీది బొమ్మతో గుర్తుపెట్టుకునేవాణ్ణి. కొందరు చదవకుండానే కల్పించి చెప్పేవాళ్లు, అవి అసలు కథల కంటే బాగుండేవి. తర్వాత ఏది చదవాలని అడిగినవాళ్లకు ఆ కథ కొంచెం రుచి చూపించి పుస్తకం ఇచ్చేవాణ్ణి. ఏరి ఇవ్వడంలో నాకు పేరుండేది.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు ఇంటికి కోదాడ నుంచి అనసూయ అనే కోడలు వచ్చింది. చదువంటే ప్రాణం. మధ్యాహ్నం అత్తకు చదివి వినిపిస్తేనే ఆమెకు పుస్తకం దక్కేది. అత్తకు మాయల కథలే కావాలి. యంత్రాల కథల్లో ఆడవాళ్లు ఇల్లు దాటిపోతారని ఎవరో చెప్పారట. అనసూయకు ఇష్టమైనవి అవే. అయినా ఒక్కటీ అడగలేదు.

"అత్తయ్యకు నచ్చిందే ఇవ్వన్నా. నన్ను చదవనిస్తే చాలు" అనేది.

ఆ ఎండాకాలం రెండు పుస్తకాల అట్టలు ఊడాయి. బైండింగ్, అంటే కుట్టి అట్ట వేసే పని, నేనే చేసుకునేవాణ్ణి. ఏ అట్ట దేనిదో చదవలేను కనుక కొలత చూసి అంటించాను. రెక్కల గుర్రం బొమ్మ ఉన్నది అనసూయకిచ్చాను.

మళ్లీ వారం పోయేసరికి అత్త అరుగు మీద కూర్చొని ఉంది. పక్కన పుస్తకం. అనసూయ తలుపు వెనక. మూడు రోజులు విన్నా గుర్రం రాలేదట. ఒక పెళ్లైన మనిషి మొగుణ్ణి వదిలి, యంత్రమెక్కి చుక్కల్లోకి పోయిందట. అట్ట తప్పని అనసూయకు మొదటి పేజీలోనే తెలిసి ఉంటుంది. ఇష్టమైన రకం చేతికొచ్చింది కదా, చదువుతూ పోయింది.

"ఏమయ్యా, నువ్వు సదివే ఇచ్చినవా దీన్ని?" అని అడిగింది అత్త.

నాకు చదువు రాదమ్మా, అట్ట తప్పంటించాను అంటే సరిపోయేది. నాలుగు తిట్టి ఇంకో పుస్తకం తీసుకునేది. కానీ అన్నీ చదివినాయన అని ఊరూరా నా పేరు. నోరు రాలేదు.

"సదివిన అమ్మా. మీ కోడలే యంత్రాలది కావాలన్నది. అట్ట మార్చి ఇయ్యమన్నది" అన్నాను.

అత్త అరవలేదు. "దాచిపెట్టుడు గూడ నేర్సిందన్నమాట" అని లోపలికి వినబడేటట్టు అని, పుస్తకం నా చేతిలో పెట్టి, ఇక ఆ గడప తొక్కవద్దంది.

తర్వాత ఊళ్లలో గొడవలు లేచి దారులు బందై నా పని ఆగింది. అంతా సద్దుమణిగాక ఒక పంతులు దగ్గర అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుంటూ చదివిన మొదటి నవల అదే. 1949లో దాన్ని పట్టుకొని మిర్యాలగూడ పోయాను. అనసూయే తలుపు తీసింది. తప్పు నాది, అబద్ధం నాది, మీ అత్తకు చెప్పి పోతానన్నాను.

"ఆమె పోయి ఆర్నెల్లయింది. పోయేదాకా నేను ఏ గిన్నె మీద మూత పెట్టినా, ఏం దాచానోనని తీసి చూసేది. ఇప్పుడు మా ఆయన చూస్తాడు" అంది.

పుస్తకం ఇవ్వబోతే తీసుకోలేదు.

ఏది చదవాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే, నేను చదవనిదాన్ని చదవలేదనే చెబుతాను. దానివల్ల అనసూయకు ఒరిగిందేమీ లేదు.