మిరపకాయ ఏ బల్ల మీద?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదనుకునేదాన్ని. బాపట్లలో బీఈడీ అవగానే రేపల్లెలో ఓ ప్రైవేటు స్కూల్లో తాత్కాలికంగా చేరాను. తెనాలి నుంచి ప్యాసింజరు ఎక్కి, ఎదుటి సీట్లో పూలమ్మే పిన్నిగారికి ప్రపంచీకరణ వల్ల దేశానికేమవుతోందో వివరిస్తూ వెళ్ళేదాన్ని (ఆవిడ వారం తిరక్కుండానే వేరే పెట్టెలోకి మారిపోయింది). ఉద్యోగం ఖాయం కావాలంటే కరస్పాండెంటుగారి ఎదుట ఓ పాఠం చెప్పి మెప్పించాలి. అందరూ పెద్దాయన అని పిలిచే ఆయనది తాతల నాటి మిర్చి వ్యాపారం. ఉద్యోగం రాకపోతే మా ఇంట్లో మళ్ళీ పెళ్ళిచూపులు మొదలవుతాయి. నా భయమంతా అదే.

పదో తరగతిలో ప్రపంచీకరణ పాఠమే ఎంచుకున్నాను. రెండు బల్లలు వేయించి, "మన దేశానివి కుడి బల్ల మీద, బయటి నుంచి వచ్చినవి ఎడమ బల్ల మీద పెట్టండర్రా" అన్నాను. వాచీలు, క్యాలిక్యులేటర్లు, బ్యాగులు అన్నీ ఎడమకే చేరాయి. "చూశారా, మనకంటూ ఏం మిగిలిందో!" అని గొంతు పెంచాను. వెనక బెంచీలో పెద్దాయన తల ఊపారు. అంతలో ముందు బెంచీ అమ్మాయి క్యారేజీలోంచి పండుమిరప పచ్చడి గిన్నె తీసి కుడి బల్ల మీద పెట్టింది. క్లాసంతా చప్పట్లు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకుంటే కదా! గిన్నె తీసి ఎడమ బల్ల మీద పెట్టి, మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిందని చెప్పాను.

"మా నాయనమ్మ చేసింది టీచర్!" అంటూ ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దాయన లేచారు.

"ఏంటమ్మాయ్, మిరపకాయ మనది కాదా?"

"కాదండి."

"మరి అంతకుముందు మనోళ్ళు పచ్చడి దేంతో నూరుకున్నారు?"

"మిరియాలతోనండి."

ఆయన పాఠం మధ్యలోనే బయటికి వెళ్ళిపోయారు. సాయంత్రం బండిలో కూర్చుని, పెళ్ళిచూపులకు ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను.

మర్నాడు పెద్దాయన రమ్మంటున్నారని కబురొస్తే వెళ్ళాను. రాత్రి ఇంట్లో మిరియాలేసి గోంగూర పచ్చడి చేయించుకున్నారట (వాళ్ళావిడ నన్నేమని ఉంటారో ఊహించుకోవచ్చు). "రెండు ముద్దలు తిన్నానమ్మా, మూడోది దిగలా. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది, ఉద్యోగం నీదే. కానీ ఆ గిన్నె మాత్రం కుడి బల్ల మీద పెట్టు. ఇన్నాళ్ళు మనింట్లో ఉన్నదాన్ని బయటిదంటే ఎట్టా?" అన్నారు.

పెద్దాయన ఇప్పుడు లేరు. నేనింకా అదే పాఠం చెబుతున్నాను. రెండు బల్లల్నీ ఆనించి వేయించి, పచ్చడి గిన్నె సరిగ్గా ఆ సందు మీద పెడతాను. ఏది మనదో, ఏది కాదో అంత గట్టిగా చెప్పిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ గొంతు నాకిప్పుడు లేదు.